‘తగ్గింది’ అను మాటకు రెండర్థములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



తెలుగునాట జ్వరము వచ్చి పోయిన బిడ్డను గూర్చి పొరుగువారు అడిగినచో తల్లి ఒక్క మాటతో సమాధానము చెప్పును: ‘తగ్గింది’. ఆ మాటకు జ్వరము పూర్తిగా పోయినదనియే అర్థము. నూటమూడు డిగ్రీలనుండి నూటొకటికి దిగినదని ఎవరును అనుకొనరు. దగ్గు తగ్గినదన్నను, కడుపునొప్పి తగ్గినదన్నను అంతియే. కాని అదే తల్లి ఏటిలో నీరు తగ్గినదన్నప్పుడు ఏరు ఎండినదని అర్థము కాదు. బియ్యము ధర తగ్గినదన్నప్పుడు అంగడివాడు ఊరక ఇచ్చుచున్నాడని అర్థము కాదు. క్రియాపదము ఒక్కటే, అర్థములు రెండు. ఏటి విషయమునను ధరల విషయమునను మనకెన్నడును పొరపాటు రాదు. పొరపాటు వచ్చునది పట్టణపు పెద్దాసుపత్రిలో, రక్త కాన్సరు వచ్చిన పసిబిడ్డ తల్లిదండ్రులు వైద్యుని యెదుట కూర్చుండినప్పుడు. ఆ పొరపాటునకు మూల్యము బిడ్డ ప్రాణము.

గ్రంథాలయ సభలో రోగముల ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. ఈ ప్రసంగము సగము రోగమును గూర్చినది, సగము మాటను గూర్చినది. మాటతో పని యున్నచోట గ్రంథాలయమునకును పని యున్నది.

వ్యాధి స్వరూపము కొంత తెలిసినగాని ఆ పొరపాటు ఎంతటిదో తెలియదు. పిల్లలకు వచ్చు కాన్సర్లలో తరచుగా కనబడునది రక్త కాన్సరు. అందును అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనునది అధికము. మన పెద్దలు కాన్సరును రాచపుండు అనిరి. ఆ పేరు వినిన అవ్వ బిడ్డ యొడలెల్ల వెదకి, ‘పుండెక్కడుంది?’ అని అడుగును. ఈ వ్యాధికి పుండు లేదు. రక్తము ఎముకల లోపలి మూలుగలో పుట్టును. అచ్చట పక్వము కాని తెల్లకణములు అదుపు తప్పి పెరిగి, మంచి రక్తము పుట్టుటకు చోటు లేకుండ చేయును. బిడ్డ పాలిపోవును. మాటిమాటికి జ్వరము వచ్చును. చర్మముపై ఎర్రని చుక్కలు లేచును. వరిచేనిలో ఊద పెరుగుట ఎట్టిదో ఇదియు అట్టిదే. ఊద లేతగా నున్నప్పుడు వరివలెనే కనబడును. తెలిసినవాని కంటికి గాని పట్టుబడదు. పట్టుబడునప్పటికి చేను సగము దానిదై యుండును.

రోగము కనుగొనిన దినమున బిడ్డ శరీరములో చెడ్డకణములు సుమారు లక్ష కోట్లు ఉండునని వైద్యులు లెక్క కట్టిరి. నాలుగైదు వారముల మొదటి చికిత్స ముగియునప్పటికి, చాలమంది పిల్లలలో, మూలుగను తీసి సూక్ష్మదర్శినిక్రింద చూచినచో రోగము కనబడదు. బిడ్డ లేచి తిరుగును, అన్నము అడిగి తినును. ఈ స్థితిని వైద్యులు ఆంగ్లమున రెమిషన్ అందురు. కాని సూక్ష్మదర్శినికి దొరకకుండ వెయ్యి కోట్ల వరకు కణములు ఇంకను దాగియుండవచ్చును. అందుచేతనే చికిత్స మొత్తము రెండు మూడు సంవత్సరములు సాగవలెను. లక్ష కోట్ల బాకీలో వెయ్యి కోట్లు నిలువయుండగా చెల్లుచీటి వ్రాసియిచ్చు గణకుడు లోకమున ఎచ్చటను ఉండడు. నూటికి ఒక్క వంతే గదా యనవచ్చును. మూలధనము జీవించియున్నంత కాలము వడ్డీ పెరుగుచునే యుండును.

ఇక వైద్యుడు రెమిషన్ అను మాటను తెలుగులో ఏమని చెప్పవలెను? నోటికి వచ్చునది ‘తగ్గింది’ అను మాటయే. అతడు ఏటి నీటి అర్థములో చెప్పును. తల్లిదండ్రులు జ్వరపు అర్థములో విందురు.

ఒక కుటుంబమును ఊహింతము. హైదరాబాదునకు నూటయేబది మైళ్ల దూరమున వారి పల్లె. తండ్రి కూలి పని చేయువాడు, తల్లియు అంతియే. ఆరేండ్ల కొడుకుకు ఈ వ్యాధి వచ్చినది. నెల దినములు వార్డులో గడిచినవి. రెండు మేకలు అమ్మిరి. చంటిబిడ్డ అమ్మమ్మ యింట ఉన్నది. కోతల కాలము దాటిపోవుచున్నది. నెల చివర యువవైద్యుడు కాగితము చూచి సంతోషముతో, ‘రిపోర్టు బాగుందయ్యా, జబ్బు తగ్గింది. మళ్లీ సోమవారం తీసుకురండి’ అనెను. అతని వెనుక మరి నలువదిమంది నిలిచియున్నారు. తండ్రి రెండు చేతులెత్తి దండము పెట్టి బిడ్డను తీసికొని బస్సెక్కెను. పిల్లవాడు పరుగెత్తుచున్నాడు. సోమవారము వచ్చినది. తగ్గిన బిడ్డకు మరల సూదులు పొడిపించుటకు ఏ తండ్రికి మనసొప్పును? కొన్ని నెలలకు పాలిపోవుట మరల కనబడెను. తిరిగి వచ్చిన రోగము మొదటి రోగమువంటిది కాదు. మొదట పనిచేసిన మందులు ఈసారి అంతగా పనిచేయవు.

ఈ కథలో వైద్యుడు అబద్ధము చెప్పలేదు. తండ్రి మాట జవదాటలేదు. తాను వినిన మాట ప్రకారమే నడచుకొన్నాడు. అయినను ఆసుపత్రి చిట్టాలో వ్రాయబడునది ‘చికిత్స మధ్యలో విడిచిపోయిరి’ అని. ఆంగ్లమున దీనికి వాడు మాటకు పరిత్యాగము అని అర్థము. ఇది న్యాయమైన మాటగా తోచదు. మేకలమ్ముకొని నెల దినములు ఆసుపత్రి అరుగుమీద పండుకొన్నవాడు బిడ్డను పరిత్యజించెనని వ్రాయు కలమునకు కొంత సిగ్గు ఉండవలెను.

ప్రపంచమున ఏటేట సుమారు నాలుగు లక్షలమంది పిల్లలకు, పందొమ్మిదేండ్ల లోపు వారికి, కాన్సరు వచ్చుచున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ధనిక దేశములలో నూటికి 80 మందికి పైగా బ్రదుకుచున్నారు. పేద, మధ్యతరగతి దేశములలో అనేకచోట్ల నూటికి 30 మంది కూడ బ్రదుకుట లేదు. మందులు లేకపోవుట, రోగమును ఆలస్యముగా గుర్తించుట, చికిత్స నడుమ మానుకొనుట, ఇవి కారణములుగా చెప్పబడినవి. 2030 నాటికి కనీసము నూటికి 60 మందినైన బ్రదికింపవలెనని ఆ సంస్థ 2018లో సంకల్పించినది. మందుల కొరతను ప్రభుత్వములు తీర్పవలెను. నడుమ మానుకొనుటలో ధనాభావము ఎంత యున్నదో మాటల లోపము కూడ కొంత యున్నది. ఆ లోపమును తీర్చుటకు కోట్ల రూపాయలు అక్కరలేదు.

ఈ వ్యాధి చరిత్రతో మన తెలుగువారికి ఒక బంధుత్వము కలదు. 1948 జూన్ మాసమున బోస్టన్ నగరమునకు చెందిన సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు ఒక వ్యాసము ప్రకటించెను. అంతవరకు ఈ రోగము వచ్చిన పిల్లలు కొలది వారములలోనో నెలలలోనో చనిపోవువారు. ఫార్బర్ ఒక క్రొత్త మందును ఇచ్చి, ఐదుగురు పిల్లల వృత్తాంతమును అందు వివరించెను. ఆ మందు పేరు అమినాప్టెరిన్. దానిని తయారుచేసినది లెడర్లీ ప్రయోగశాల. అచ్చటి పరిశోధనకు అధిపతి 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. వ్యాసము వెలువడిన రెండు మాసములకే, ఆగస్టులో, ఆయన న్యూయార్కు నగరమున కన్నుమూసెను. ఆ వంశములోనిదే మరియొక మందు, మెథోట్రెక్సేట్, నేటికిని ఈ పిల్లల చికిత్సకు ఆధారము. గమనింపదగిన విషయ మొకటి: ఫార్బర్ తన వ్యాసమునకు పెట్టిన పేరులో ‘తాత్కాలిక’ అను విశేషణము కలదు. తాత్కాలిక ఉపశమనములు అని. ప్రపంచమును ఆశ్చర్యపరచు విజయమును చాటుచున్నప్పుడు కూడ ఆయన ఆ ఒక్క మాటను విడువలేదు. ఆ తరువాత ఒక్క మందు చాలక, అనేక మందులు కలిపి, సంవత్సరముల తరబడి ఇచ్చుట నేర్చినందుననే రోగము కుదురుట మొదలైనది. ఫార్బర్ వదలని ఆ విశేషణమే నేడు వార్డులో ‘తగ్గింది’ అను మాట ప్రక్కన జారిపోవుచున్నది.

అయినచో వైద్యుడు ఏమి చెప్పవలెను? రెండు వాక్యములు ఎక్కువ. ‘జబ్బు కంటికి కనబడనంత తక్కువైంది, కానీ పోలేదు. పైకి కలుపు తీశాం, విత్తనం మట్టిలోనే ఉంది. మొలిచినప్పుడల్లా తీస్తూ రెండు మూడేళ్లు మందు వెయ్యాలి.’ వ్యవసాయము చేయు కుటుంబమునకు ఇంతకంటె వివరణము అక్కరలేదు. చేపలు పట్టు కుటుంబమునకు ఊద సంగతి ఏమి తెలియును? వారికి మరియొక పోలిక వెదకవలెను. నేత పనివారికి వేరొకటి. హైదరాబాదులో పుట్టి పెరిగిన యాటో డ్రైవరునకు పొలము పోలిక ఎంత అందముగా నున్నను వృథాయే. అందుచేత పోలిక చెప్పుటకు ముందు ‘మీరేం పని చేస్తారు?’ అని అడుగుట వైద్యములో భాగమే యగును.

చెప్పిన పిమ్మట ‘అర్థమైందా?’ అని అడుగరాదు. ఆ ప్రశ్నకు మన దేశమున ఒక్కటే సమాధానము: ‘అయిందండి’. పెద్దల యెదుట కాలేదనుట అమర్యాద. ‘ఇంటికెళ్లాక మీ నాన్నగారు అడిగితే ఏం చెబుతారో నాకు చెప్పండి’ అని అడిగినచో వినినది ఎంతయో, జారిపోయినది ఎంతయో తేటపడును. ఈ పద్ధతిని నేడు అనేక దేశములలో వైద్యవిద్యార్థులకు నేర్పుచున్నారు. మన వీధిబడి పంతుళ్లు పాఠమును అప్పజెప్పించుకొన్నది ఇందుకొరకే. భేద మొక్కటే: ఇచ్చట తప్పు వచ్చినచో దెబ్బ శిష్యునకు కాదు, చెప్పినవాడే మరల చెప్పవలెను.

అప్పజెప్పించుకొనకపోవుటవలన వచ్చు ప్రమాదమునకు ఒక ఉదాహరణము చాలును. సుబ్బారావుగారి వంశపు మందని చెప్పిన మెథోట్రెక్సేట్‌ను చికిత్స చివరి భాగమున బిళ్లగా వారమునకు ఒక్కసారి మాత్రమే మ్రింగవలెను. మెర్కాప్టోప్యూరిన్ అను మరియొక బిళ్లను ప్రతి రాత్రియు మ్రింగవలెను. రెండును చిన్న బిళ్లలే. వారపు బిళ్లను దినమును వేసికొన్నచో అది విషమగును. ఈ పొరపాటువలన రోగులు మరణించుట పలు దేశములలో జరిగినది. దినపు బిళ్ల తరచుగా మరచినచో రోగము తిరిగి వచ్చును. నూరు మోతాదులలో 95 కంటె తక్కువ పడిన పిల్లలకు ఆ ప్రమాదము హెచ్చని 2012లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో తేలినది. కావున ‘వారానికోసారి’ అని చెప్పుట చాలదు, ఏ వారమో చెప్పవలెను. అచ్చటను చిక్కు కలదు. చీటిమీద గురువారమని యుండును. తెలంగాణ పల్లెలో అది బేస్తవారము. గోదావరి తీరమున లక్ష్మివారము. పాతబస్తీలోని తల్లికి జుమేరాత్. బిళ్ల ఒక్కటే, దినము ఒక్కటే, పేర్లు నాలుగు. మందులవాడు చీటిమీద ఆ యింటివారు పిలుచుకొను పేరునే వ్రాసి, వారముల పట్టికలో ఆ గడికి చుట్టు గీసి ఇచ్చుటకు అర నిమిషము పట్టును.

జ్వరము మాటయు నిట్టిదే. ‘జ్వరం వస్తే తీసుకురండి’ అని చెప్పుదురు. పల్లెలో జ్వరమునకు మూడు దినముల గడువు సహజము. మొదట కషాయము, పిదప వీధిచివరి డాక్టరు, ఆ పిదప పట్టణము. ఈ మందులు వాడుచున్న బిడ్డ రక్తమున రోగములతో పోరాడు కణములు మిక్కిలి తగ్గియుండును. 100.4 డిగ్రీలు దాటిన జ్వరముతో తెల్లవారువరకు వేచియుండుటయు ప్రమాదమే. ‘అర్ధరాత్రి అయినా బయల్దేరండి, ఈ నెంబరుకు ఫోన్ చేసి బయల్దేరండి’ అని చెప్పినగాని చెప్పినట్లు కాదు.

వెన్నులో సూది వేయుదుమన్నప్పుడు ‘కాళ్లు పడిపోతాయట’ అని తల్లులు భయపడుదురు. ఆ భయమును పైకి చెప్పరు. సంతకము మాత్రము వాయిదా వేయుదురు. నోటిద్వారా, నరముద్వారా ఇచ్చిన మందు మెదడులోనికి చక్కగా చేరదు గనుక, రోగము అచ్చట దాగకుండ వెన్ను నీటిలో మందు వేయుదురని ఎవరైన చెప్పినచో ఆ సంతకము తెల్లవారుసరికి దొరకును.

ఇంతవరకు వైద్యుడు చెప్పుటను గూర్చి చెప్పుకొంటిమి. కుటుంబము వైద్యునకు చెప్పవలసినది కూడ కలదు. చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు. రోగికి చెప్పిన నాలుగింటిలో జ్ఞాపకత్వము ఒకటి. తెలుగులో జ్ఞాపకమనగా గుర్తు. సంస్కృతమున జ్ఞాపకుడనగా తెలియజేయువాడు. తన బాధను ఎదుటివానికి తెలియజేయగలుగుట రోగి గుణము, అది లేనిచో చికిత్సకు ఒక పాదము కుంటుపడునని ఆ శాస్త్రకారుని భావము. రెండేండ్ల బిడ్డకు జ్ఞాపకత్వము ఎక్కడిది? బిడ్డ పక్షమున జ్ఞాపకురాలు తల్లి. రాత్రి ఎన్నిసార్లు ఏడ్చెనో, ఎన్ని ముద్దలు తినెనో, ఏ కాలు ఈడ్చుచున్నాడో ఆమెకు తెలిసినట్లు మరెవ్వరికిని తెలియదు. కాని మన ఆచారమేమి? వైద్యుడు తండ్రితో మాటలాడును, తండ్రి లేనిచో మేనమామతో. తల్లి మంచము ప్రక్కన నిలిచి పైట చెరగు నలుపుచుండును. మగవారు ఊరికి మరలి పోయిన తరువాత వారములకొలది వార్డులో ఉండునది, బిళ్లలు మ్రింగించునది ఆమెయే. చెప్పిన మాటలన్నియు ఊరికి పోయిన చెవులలో ఉన్నవి.

అట్లని తల్లితో మాత్రమే మాటలాడిన చాలునా యన్నచో అదియు చాలదు. కొన్ని ఇండ్లలో పొలము తాకట్టు పెట్టవలెనన్న తాతగారు తల యూపవలెను. కొన్నిట అత్తగారు. కొన్నిట తల్లియే యజమానురాలు. ఇది కులమును బట్టియో మతమును బట్టియో ముందుగా ఊహింపదగినది కాదు. ఒక్క వీధిలోని రెండిండ్లు ఒక్క తీరున ఉండవు. అడిగి తెలిసికొనవలెను: ‘ఈ మాట ఇంకెవరు వినాలి?’ ఆ వినవలసినవాడు ఊరిలో ఉన్నచో నేడు టెలిఫోనులో వినిపింపవచ్చును. వైద్యుడు చెప్పినదానిని అతని యనుమతితో రికార్డు చేసికొని పోయి ఇంటిల్లిపాదికి వినిపింపవచ్చును.

చెప్పనివి మరి రెండు కలవు. ఒకటి డబ్బు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము వచ్చిన తరువాత ఎందరికో ఆసుపత్రి ఖర్చు భారము తగ్గినది. (ఇచ్చట తగ్గినదనగా ఏటి నీటి అర్థమే.) బస్సు ఛార్జీలు, గది అద్దె, పోయిన కూలి, ఈ భారము మాత్రము చాలమందికి మిగిలియే యుండును. వైద్యుడు అడుగడు, అది తన పని కాదని. తండ్రి చెప్పడు, అభిమానము అడ్డువచ్చి. సోమవారము రాలేకపోవుటకు అసలు కారణము ఎనిమిది వందల రూపాయలు కావచ్చును. కొన్ని నగరములలో ఇట్టి పిల్లల కుటుంబములకు ఉచిత వసతి ఇచ్చు ధర్మసంస్థలు కలవు. అడిగినవారికే వాటి సంగతి తెలియును.

రెండవది నేరభావము. గ్రహణమునాడు బయటికి వచ్చినందుననో, గర్భమున నున్నప్పుడు తినరానిది తినినందుననో బిడ్డకు ఇట్లైనదని తల్లి లోలోపల కుములుచుండును. ఒక్కొక్కచో అత్తవారే ఆ మాట అందురు. పూర్వజన్మ పాపమని తండ్రి అనుకొనును. కర్మసిద్ధాంతమును ఖండించుట వైద్యుని పని కాదు. చేయబోయినచో ఉన్న నమ్మకమును పోగొట్టుకొనును. కాని ఎవరును అడుగకుండగనే, అందరును వినుచుండగా, ‘ఇది తల్లి తిన్నదాని వల్ల రాలేదు, చేసిన పని వల్ల రాలేదు, ఎవరినుంచీ అంటుకోదు’ అని చెప్పుట అతని పని. ఈ మాట మందులలో లెక్కకు రాదు గాని, దానిని వినిన తల్లి ఆ పూట అన్నము తినును.

భాష సంగతి. 1955లో రేడియం చికిత్సాలయముగా ఆరంభమై, మెహదీ నవాజ్ జంగ్ పేర హైదరాబాదులో వెలసిన ప్రభుత్వ కాన్సరు ఆసుపత్రివంటి చోట్లకు తెలంగాణమునుండియే గాక ఆంధ్ర జిల్లాలనుండి, సరిహద్దున ఉన్న కన్నడ, మరాఠీ ప్రాంతములనుండియు కుటుంబములు వచ్చును. తండాలనుండి లంబాడీలు వత్తురు; వారి గోర్‌బోలికి స్వంత లిపి లేదు, కాబట్టి చీటి ఏ లిపిలో ఇచ్చినను అది పరాయి భాషయే. ఆదిలాబాదు అడవులనుండి గోండులు వత్తురు. తెలుగువారిలోనే శ్రీకాకుళపు అవ్వ మాట చిత్తూరు కుర్రవైద్యునకు తొలిసారి అందదు.

సుందరకాండలో అశోకవనమున చెట్టుమీద కూర్చున్న హనుమంతుడు సీతతో ఏ భాషలో మాటలాడవలెనని తర్కించుకొనిన ఘట్టము అందరును ఎరిగినదే. ఆయన వ్యాకరణమంతయు చదివినవాడు. సంస్కృతమున మాటలాడినచో ఆమె తన్ను రావణుడని భ్రమించి బెదరునని తలచి, సామాన్యమానవుల భాషనే యెంచుకొనెను. పండితుడు తనకు వచ్చిన భాషను గాక, వినువారికి ధైర్యము కలిగించు భాషను ఎంచుకొన్నాడు. వార్డులో ఆంగ్లము మాటలాడువారు తాము లంకలోనున్నట్లు ఎంచుకొని ఈ ఘట్టమును చదువుకొనవలెను.

దుబాసీ కావలసినప్పుడు కుటుంబములో బడికి పోవు పిల్లను ముందుకు త్రోయుట మన అలవాటు. పదేండ్ల అక్క తమ్ముని చావుబ్రదుకుల మాటను తన నోటితో తల్లికి చెప్పవలసివచ్చుట కంటె ఘోరము లేదు, సగము మింగివేయును. అమెరికాలో 2016లో వెలువడిన నిబంధన ప్రకారము ప్రాణాపాయపు తొందరలో తప్ప చిన్నపిల్లలను దుబాసీలుగా వాడరాదు. మనుమని చూచుకొనుటకు అచ్చటికి పోయిన మన తెలుగు అమ్మమ్మ, నాయనమ్మలకు కూడ ఈ నిబంధన ఉపకరించును. ఇచ్చట అట్టి నిబంధన కొరకు వేచియుండనక్కరలేదు. తండాలో పుట్టిన ఆసుపత్రి సిబ్బంది ఒక్కరిని పిలిచిన చాలును.

చివరి విషయము మిక్కిలి కష్టమైనది. బిడ్డకు చెప్పవలెనా?

చరకసంహిత విమానస్థానమున ఆచార్యుడు శిష్యునకు చేయు ఉపదేశములో, రోగి ఆయువు తరిగినదని తెలిసినను, ఆ మాట రోగికిగాని ఇతరులకుగాని దెబ్బయగు చోట చెప్పరాదని యున్నది. దీనిని పట్టుకొని మన కుటుంబములు ‘పిల్లవాడికి చెప్పకండి’ అని వైద్యుని బ్రతిమాలుదురు. ఇది తూర్పు దేశపు వెనుకబాటని కొందరు తలతురు. 1961లో అమెరికాలో 219 మంది వైద్యులను ప్రశ్నింపగా నూటికి 90 మంది కాన్సరు రోగికి, పెద్దవారికి సైతము, రోగము పేరు చెప్పమనిరి. 1979లో అడుగగా నూటికి 97 మంది చెప్పుదుమనిరి. పదునెనిమిదేండ్లలో మారినది ఆచారమే గాని నాగరికత కాదు. గ్రంథమును జాగ్రత్తగా చూచినచో చరకుడును ఎన్నడును చెప్పరాదనలేదు; దెబ్బయగు చోట చెప్పరాదనెను. చోటు చూచుకొమ్మనుట వేరు, నోరు మూసికొమ్మనుట వేరు.

చెప్పకుండుటవలన బిడ్డకు తెలియకుండునా? మైరా బ్లూబాండ్-లాంగ్నర్ అను పరిశోధకురాలు అమెరికాలో లుకేమియా వార్డులోని చిన్నపిల్లల నడుమ నెలలకొలది గడిపి 1978లో ఒక గ్రంథము ప్రకటించినది. ఆ పిల్లలకు ఎవ్వరును ఏమియు చెప్పలేదు. అయినను వారికి మందుల పేర్లు తెలియును, రోగము తిరిగి వచ్చుట యనగా ఏమో తెలియును; ప్రక్క మంచము ఖాళీ యైనప్పుడు తమకును అదియే రానున్నదని తెలియును. ఒకరినుండి ఒకరు నేర్చుకొనిరి. తల్లిదండ్రులు బాధపడుదురని తమకు తెలియనట్లు నటించిరి. పెద్దలును నటించిరి. ఒక్క గదిలో ఇరుప్రక్కల నాటకమే. ఆ నాటకములో బిడ్డ ఒంటరివాడగుట ఒక్కటే నిజము.

స్వీడన్ దేశమున కాన్సరుతో బిడ్డను పోగొట్టుకొనిన తల్లిదండ్రులను ప్రశ్నించి 2004లో ఫలితములు ప్రకటించిరి. బిడ్డతో మరణమును గూర్చి మాటలాడిన 147 మందిలో ఒక్కరును అందుకు పశ్చాత్తాపపడలేదు. మాటలాడని 258 మందిలో 69 మంది పశ్చాత్తాపపడిరి. స్వీడన్ వారి ఆచారము మన ఆచారము కాదు. ఈ అంకెలను యథాతథముగా మన యింటికి తెచ్చుకొననక్కరలేదు. మాటలాడని వారిలోను ఎక్కువమందికి విచారము లేదనుట కూడ అందే యున్నది. కావున వైద్యుడు బలవంతముగా చెప్పరాదు. కుటుంబము కోరినంతమాత్రమున బిడ్డ సూటిగా అడిగిన ప్రశ్నకు అబద్ధమును చెప్పరాదు. ‘వాడు నన్ను అడిగితే ఏం చెప్పమంటారు?’ అని ముందుగా తల్లిదండ్రులతో కూర్చుండి నిర్ణయించుకొనుట మధ్యేమార్గము. నాలుగేండ్ల పిల్లకు ‘నీ రక్తంలో చెడ్డవి చేరాయి, వాటిని పంపడానికి ఈ మందు, జుట్టు ఊడి మళ్లీ వస్తుంది’ అన్నది చాలును. పదమూడేండ్ల పిల్లకు అది చాలదు. ఆమె ఇప్పటికే టెలిఫోనులో వెదకి చదివియుండును.

ఇక మన గ్రంథాలయము. చందాదారులలో ఆంగ్లము చదువనేర్చినవారు కొందరు కలరు. ఊరివారు ఆసుపత్రి కాగితములు పట్టుకొని పఠనమందిరపు మెట్లెక్కుట క్రొత్త కాదు. అట్టి కాగితము చేతికి వచ్చినప్పుడు వైద్యము చెప్పుటకు పూనుకొనరాదు. తెలిసిన రెండు ముక్కలతో వైద్యము చెప్పువారివలన కలిగిన హాని ఊరు ఊరికిని తెలియును. చదివి వినిపింపవలెను. ఏ బిళ్ల దినమును, ఏ బిళ్ల వారమునకొకసారియో వారు పిలుచు వారము పేరుతో చెప్పవలెను. వైద్యుని అడుగదలచిన ప్రశ్నలు వారి నోటి మాటలలోనే ఒక కాగితముమీద వ్రాసి ఇయ్యవలెను. వైద్యుని యెదుట గొంతు పెగలనప్పుడు ఆ కాగితమును చాపిన చాలును. ‘వీడికి ఇంకెన్నాళ్లు మందు?’ ‘బడికి పంపొచ్చా?’ ‘రాత్రి జ్వరం వస్తే ఎవరికి చెయ్యాలి?’ ‘అక్క పెళ్లి ఉంది, ఆ వారం మానొచ్చా?’ ఇటువంటివి.

ఆసుపత్రినుండి మరలిన పొరుగింటి బిడ్డ వాకిట ఆడుకొనుచుండగా ఆ తల్లి ‘తగ్గిందండి’ అని చెప్పినప్పుడు, సంతోషమని పలికి లోనికి పోవుటకు ముందు ఒక్క ప్రశ్న అడుగవలెను: ‘మళ్లీ ఎప్పుడు రమ్మన్నారమ్మా?’